ఆమె కంటి ఎత్తులో కెమెరా: భర్త దేహాన్ని ఫొటోలు తీయించిన భార్య, ఒక కేస్ స్టడీ

విజయవాడలో నా స్టూడియోకి వచ్చి పని అప్పగించింది భార్య. ఫొటోలో ఉండవలసింది భర్త. ఆయన రైలింజను నడిపిన మనిషి, లోకో పైలట్‌గా పనిచేసి అరవై నిండగానే పదవీ విరమణ చేశారు. ఆమె ఇంట్లోనే కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్లు, లంగాలు కుడుతూ ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేశారు. పేర్లు, పేట ఇక్కడ రాయను. ఏది రాయవచ్చో, ఏది రాయకూడదో వారిద్దరూ చదివి చెప్పాకే ఇది బయటికి వస్తోంది.

ఆమె సూటిగా అడిగారు. “మా ఆయన ఒంటిని ఫొటోలు తీయాలమ్మా. నాకు ఎలా కనిపిస్తారో అలా.” షష్టిపూర్తి దగ్గరపడింది. పిల్లలు పట్టుబట్టలు కొన్నారు, పూలదండలతో వేదిక మీద ఫొటోలు ఎలాగూ ఉంటాయి. ఆ ఫొటోలన్నిటిలోనూ ఆయన తాతగారైపోతారు. తనకు మాత్రం ఆయన ఇంకా తాతగారు కాలేదని, ముప్పై ఏళ్లుగా తాను చూస్తున్న మనిషి ఒక్క ఫొటోలోనూ లేడని ఆమె ఫిర్యాదు. ఆ ఇష్టానికి ఒక గుర్తు మిగలాలని కోరారు. కోరిక అనే మాటను ఆమె వాడలేదు. వాడకపోయినా మేమిద్దరం మాట్లాడుకుంటున్నది దాని గురించేనని ఇద్దరికీ తెలుసు.

దేహాన్ని ఫొటో తీయమని నా దగ్గరికి వచ్చేవారు ఉన్నారు. ఎక్కువమంది తమను తీయమంటారు. కొందరు మగవాళ్లు భార్యల్ని తీయమంటారు, ఆ భార్యలు మూగగా పక్కన కూర్చుంటే నేను పని ఒప్పుకోను. భార్య వచ్చి భర్త మెడనూ వీపునూ చేతుల్నీ తీయమని అడగడం నా వృత్తిలో ఇదే మొదలు. ఈ పని పూర్తయ్యేసరికి నాకు ఒక విషయం బలంగా తేలింది. ఫొటోలో కోరిక ఉందా లేదా అన్నది ఒంటిమీద బట్ట ఎంత ఉందన్న లెక్కతో తెగదు. ఎవరు చూస్తున్నారు, ఎంత దూరం నుంచి, ఏ ఎత్తు నుంచి, ఏ వేళ అన్నవాటితో తెగుతుంది. ఈ నాలుగూ తెలిస్తే చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మనిషి ఫొటోలో కూడా కోరిక నిలుస్తుంది. తెలియకపోతే నగ్నదేహం కూడా ఎవరికీ చెందకుండా పోతుంది.

కెమెరా ఎవరి చేతిలో ఉంది

ఫొటోగ్రఫీ చరిత్రలో దేహాన్ని ఇష్టంతో చూసిన గొప్ప పనుల్లో చాలావరకు ప్రేమించిన మనిషే కెమెరా పట్టుకున్నాడు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ 1917 నుంచి 1937 దాకా, తర్వాత తన భార్య అయిన చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌ను 300కు పైగా ఫొటోలు తీశాడు. కొన్నిటిలో ముఖం, కొన్నిటిలో ఉత్త చేతులు, కొన్నిటిలో మెడ, రొమ్ములు. ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో కాలిఫోర్నియాలోని ఓషియానో ఇసుకతిన్నెల మీద తన ప్రియురాలు చారిస్ విల్సన్‌ను తీశాడు. చూసింది మగవాడు, ఫొటోలో ఉన్నది ఆడమనిషి. దీన్ని తిరగేసిన వాళ్లు తక్కువ. ఇమోజెన్ కనింగ్‌హామ్ 1915లో తన భర్త రాయ్ పార్ట్రిడ్జ్‌ను రెయినియర్ పర్వతం మీద నగ్నంగా తీస్తే, అవి అచ్చయ్యాక సియాటిల్‌లో పెద్ద గొడవ జరిగింది. శాలీ మాన్, కండరాలు క్షీణించే జబ్బున్న తన భర్త లారీ దేహాన్ని ఏళ్లపాటు తీసి 2009లో ప్రదర్శించింది. ఆమె వాడింది తడి కొలోడియన్ పద్ధతి, అంటే పలక మీద రసాయనం పూసి అది తడిగా ఉండగానే ఫొటో తీసే పాత పద్ధతి. అందులో ఒక్కో ఫొటోకు మనిషి సెకన్ల తరబడి కదలకుండా ఉండాలి. ఆ ఓపికలోనే భర్త ఒప్పుకోలు ఉందని ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

మా విషయంలో ప్రేమించేది ఒకరు, కెమెరా పట్టేది మరొకరు. నాకు నచ్చిన వెలుగు, నాకు నచ్చిన వంపు మధ్యలో దూరితే అది నా ఫొటో అవుతుంది, ఆమె అడిగింది కాకుండా పోతుంది. మన ఊళ్లలో పెళ్లికి ముందు తీసే షూట్లు చూస్తే ఈ ఇబ్బంది తెలుస్తుంది. భవానీ ద్వీపంలోనో ఉండవల్లి గుహల దగ్గరో చీర కొంగు గాలికి ఎగరేయించి, “ఇటు చూడండి, ఇప్పుడు దగ్గరగా జరగండి” అని చెప్పేది ఫొటోగ్రాఫర్. ఆ జంట ఒకరినొకరు చూసుకోరు, చెప్పేవాడి చేతిని చూస్తారు. నా బతుకుతెరువులో ఆ షూట్లూ భాగమే కాబట్టి వాటి లోటు నాకు బాగా తెలుసు.

అందుకే పని మొదలుపెట్టే ముందు ఆ ఇద్దరినీ నాగార్జునకొండ తీసుకెళ్లాను. విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి దీవి మీది మ్యూజియానికి చేరాం. ఇక్ష్వాకుల కాలపు సున్నపురాతి పలకల మీద బుద్ధుని కథాఘట్టాలు వరుసగా ఉంటాయి. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ నడుమ ఒక మిథునం నిలబడి ఉంటుంది. సంసారం వదిలి వెళ్లిన మహానుభావుడి కథను చెబుతూ, ప్రతి మలుపులోనూ ఒక జంటను నిలపడం ఆ శిల్పులకు తప్పుగా తోచలేదు. నాకు ముఖ్యమైనది ఇంకొకటి. ఆ జంటల్లో మగవాడి నడుమును, భుజాన్ని, తొడను ఆడదాని దేహమంత శ్రద్ధగానే చెక్కారు. ఆయన ఇంతకుముందు పిల్లలతో వచ్చినప్పుడు ఈ పలకలు చూశారట. “అప్పుడు ఆడవాళ్ల బొమ్మలే కనిపించాయి” అని ఆయనే అన్నారు. ఈసారి మగవాళ్ల ముందు ఆగి ఆగి చూశారు. ఒప్పుకోవడానికి ఆయనకు అప్పటిదాకా ఉన్న జంకు ఆ మ్యూజియంలో కొంత వదిలిందని నా నమ్మకం.

వరుస, కాగితం, చట్టం

ఇంట్లోకి వెళ్లి ఒక మగమనిషి దేహాన్ని తీయాలంటే ముందు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో తేలాలి. ఆమెను అక్కయ్యా అని పిలిస్తే ఆయన నాకు బావగారు అవుతారు. మన ఇళ్లలో బావతో సరసం చెల్లుతుంది, ఆ వరుస గదిలోకి వస్తే నా చూపుకు అక్కర్లేని రంగు పులుముతుంది. సార్, మేడం అంటే ఆస్పత్రిలో ఉన్నట్టు ఇద్దరూ బిగుసుకుంటారు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అని, ఆమెను వదినగారూ అని పిలిచాను. ఆ పిలుపుతో నా చూపుకు హద్దు ఏర్పడింది. ఆమెకు మాత్రం నోరు వచ్చింది. వదిన ఆడపడుచుతో చెప్పుకోలేని మాట ఉండదు. భర్త చెవి వెనుక ఏముందో, మెడ దగ్గర చొక్కా కాలరు కింద రంగు ఎలా మారుతుందో ఆమె నాతో చెప్పగలిగింది ఈ వరుస వల్లనే.

కాగితాల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఫొటో తీయించుకున్న వ్యక్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైట్‌కు తొలి యజమాని. ఫొటో తీసిన నాకు గానీ ఫొటోలో ఉన్న ఆయనకు గానీ హక్కు దానంతట అదే రాదు. ఇక్కడ డబ్బు ఇస్తున్నది ఆమె. అంటే ఆయన దేహం ఉన్న ప్రతి ఫొటోకూ చట్టం దృష్టిలో ఆమె యజమాని. ఆమె మంచి మనిషే, అయినా అది నాకు సరిగా తోచలేదు. తెలుగులో ఒప్పందం రాయించి, ఏ ఫొటోనైనా ఇంటి గడప దాటకుండా ఆపే హక్కు కారణం చెప్పనవసరం లేకుండా ఆయనకు ఉండేటట్టు ముగ్గురం సంతకాలు పెట్టాం. ఆమె కనిపించే ఫొటోలకు అదే హక్కు ఆమెకూ ఉంది.

శరీరం ఫొటోలు అనగానే అందరికీ ఆడవాళ్ల రక్షణే గుర్తొస్తుంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ స్త్రీల కోసమే ఉంది. తీయడానికి ఒప్పుకున్న చిత్రాన్ని పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమని అది చెబుతుంది. మగవాడికి అది వర్తించదు. ఆయనకు అక్కరకు వచ్చేది ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్. ఎవరి రహస్యాంగాల చిత్రాన్నయినా అనుమతి లేకుండా తీసినా పంపినా ప్రచురించినా మూడేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక అశ్లీలం సంగతికి వస్తే, 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు నగ్నంగా ఉన్నంత మాత్రాన చిత్రం అశ్లీలం కాదని స్పష్టం చేసింది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ తన కాబోయే భార్యతో ఉన్న ఫొటో మీద వచ్చిన కేసు అది. చిత్రాన్ని మొత్తంగా, అది చెప్పే మాటతో కలిపి, నేటి సమాజపు ప్రమాణాలతో సగటు మనిషి చూపుతో తూచాలని కోర్టు చెప్పింది. మా ఫొటోల్లో పూర్తి నగ్నత్వం లేదు, వాళ్లు అడగలేదు, నాకూ అవసరం పడలేదు. అయినా ఆ తీర్పును ఇద్దరికీ చదివి వినిపించాను. తాము తప్పేమీ చేయడం లేదని చట్టం నోటి నుంచి వినడం ఆయనకు చాలా అవసరమైంది.

మిషను నుంచి మూడు మీటర్లు, దిండు నుంచి రెండడుగులు

మొదట ఆమెను అడిగిన ప్రశ్న, “వదినగారూ, ఆయన్ని మీరు ఎక్కడి నుంచి చూస్తారు?” అని. ఆమె కాసేపు ఆలోచించి రెండు చోట్లు చెప్పారు. ఒకటి కుట్టుమిషను ముందున్న స్టూలు. తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చి, హాల్లో నిలబడి, ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తుంటే ఆమె మిషను ఆపకుండానే చూసేవారట. ముప్పై ఏళ్ల చూపు అది. రెండోది దిండు.

టేపు తెచ్చి కొలిచాను. స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆమె కంటి ఎత్తు నేల నుంచి సుమారు 114 సెంటీమీటర్లు. ఆయన నిలబడే చోటికి మూడు మీటర్లు. మంచం మీద పడుకున్నప్పుడు కంటికీ ఆయన భుజానికీ మధ్య దాదాపు రెండడుగులు. ఆ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా కెమెరా పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. ఫొటోలో వస్తువుల పొందికను, ముందువెనుకల నిష్పత్తిని నిర్ణయించేది దూరమే, లెన్స్ కాదు. లెన్స్ ఎంత భాగం పట్టాలో మాత్రమే చెబుతుంది. కాబట్టి ఆమె దూరంలో నిలబడితేనే ఆమెకు కనిపించే భుజం నాకు దొరుకుతుంది. వెనక్కి జరిగి పొడుగు లెన్స్ వేస్తే భుజం చదునై, దొంగచాటుగా చూసినట్టు తయారవుతుంది.

ఒక్క 50 మిల్లీమీటర్ల లెన్స్ రెండు చోట్లకూ సరిపోయింది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద మూడు మీటర్ల దూరంలో రెండు మీటర్లకు కాస్త పైగా పొడవు పడుతుంది, నిలబడిన మనిషి కాళ్ల నుంచి తల దాకా వస్తాడు. రెండడుగుల దూరంలో సుమారు 40 సెంటీమీటర్లకు 27 సెంటీమీటర్లు పడుతుంది, అంటే మెడ, భుజం, జబ్బలో సగం. అంత దగ్గర్లో, లెన్స్ కంతను ఎఫ్ 4 కొలతకు పెడితే స్పష్టంగా నిలిచే లోతు మూడు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. చెవి తమ్మె తేటగా ఉంటే భుజం మెత్తబడుతుంది. పక్కన పడుకున్న మనిషిని దగ్గర నుంచి చూసే కన్ను కూడా అంతే, ఒకసారికి ఒకటే చూస్తుంది.

కాలం కూడా ఎంచుకున్నదే. మన అక్షాంశంలో మే నెల మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలబడతాడు, ఇంట్లోకి వెలుగు కంటే వేడే ఎక్కువ వస్తుంది. ధనుర్మాసంలో సూర్యుడు ఆగ్నేయం వైపు ఉదయిస్తాడు. వాళ్ల హాలు కిటికీ తూర్పు ముఖం. కృష్ణ మీది మంచులోంచి వడకట్టిన ఏటవాలు వెలుగు ఎదుటి గోడదాకా పోతుంది. ఆయన డ్యూటీ దిగి ఇంటికి వచ్చే వేళ కూడా అదే. బయటి లైట్లు ఏవీ తీసుకెళ్లలేదు.

సేవ చేసే చేయి, ఆగిన చేయి

ఆయన కెమెరా ముందు మొదట చేసిన పని పొట్ట లోపలికి బిగించడం. తర్వాత రెండు చేతులూ పక్కలకు అంటించి పాస్‌పోర్టు ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డారు. “నాలో చూడటానికి ఏముందమ్మా, ముసలి ఒళ్లు” అని నాతోనే అన్నారు, భార్య వంక చూడకుండా. మన మగవాళ్లకు తమ దేహం పనిముట్టుగా తెలుసు, జబ్బు చేసినప్పుడు తెలుసు. అది ఒకరికి ముచ్చటగా ఉంటుందని వాళ్లతో ఎవరూ చెప్పరు. అందాన్ని వర్ణించే మన పాటలూ మాటలూ ఆడదాని చుట్టూ తిరిగినంతగా మగవాడి చుట్టూ తిరగవు. ఈ మాట నేను చెబితే వినే స్థితిలో ఆయన లేరు. వదినగారే ఉపాయం చెప్పారు, ఆదివారం తలంటు.

నువ్వులనూనె వేడి చేసి ఆమె ఆయన వీపుకు పట్టించడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరిగేదే. పీట మీద కూర్చోగానే ఆయన భుజాలు వాటంతట అవి దిగాయి, పొట్ట తన చోటికి తాను వచ్చింది. నూనె పట్టిన చర్మం మీద కిటికీ వెలుగు మెరుస్తుంది. ఆ మెరుపు చర్మపు రంగు కాదు, కిటికీ ప్రతిబింబం. పోలరైజర్ ఫిల్టర్ పూర్తిగా తిప్పితే మెరుపంతా పోయి వీపు ఎండిన తోలులా కనిపిస్తుంది. అసలు తిప్పకపోతే కండల ప్రదర్శనకు నూనె రాసుకున్నవాడిలా ఉంటుంది. సగం తిప్పి, వెన్నుపూస వెంబడి ఒక్క గీత మిగిల్చాను.

ఫొటోలు చాలా బాగా వచ్చాయి. వదినగారు కంప్యూటర్ తెర మీద వాటిని ఒక్కొక్కటిగా చూసి చివర్న అన్న మాట ఈ మొత్తం పనిని మలుపు తిప్పింది. “ఇవి చూసినవాళ్లు నేను సేవ చేస్తున్నాననుకుంటారు. నాకు అది అక్కర్లేదు.”

ఆమె అన్నది నిజం. మన ఇళ్లలో భార్య చేయి భర్త ఒంటిమీద నలుగురి ముందూ పడగలిగేది సేవగానే. కాళ్లు పట్టవచ్చు, తలంటవచ్చు, జ్వరం వస్తే తడిగుడ్డ వేయవచ్చు. తనకిష్టమై తాకింది అనడానికి చోటు లేదు. ఆ తలంటు ఫొటోలు ఎంత అందంగా ఉన్నా, ఆమె కోరికకు పతిసేవ అనే ముసుగు వేశాయి. ఆ ముసుగులో అందరూ వాటిని మెచ్చుకుంటారు కూడా. మెచ్చుకోలు తేలిగ్గా దొరికే చోట ఫొటోగ్రాఫర్ ఆగిపోకూడదు.

తేడా ఎక్కడుందో వెతుకుతూ ఆ ఫొటోలన్నీ వరుసగా మళ్లీ చూశాం. పని చేస్తున్న చేయి వేళ్లు చాపి, మణికట్టు బిగించి, కిందికో పైకో పోతూ ఉంటుంది. సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో తీసినవాటిలో అది మసకగా సాగింది. కొన్నిటిలో మాత్రం చేయి కదలలేదు. నూనె అయిపోయి గిన్నె వైపు చూసే ముందు, ఆయన ఏదో అంటే వినడానికి, లేదా ఏ కారణమూ లేకుండా, అరచేయి రెక్క ఎముక మీద ఆగి ఉంది. వేళ్లు వదులుగా ఉన్నాయి. ఆగిన చేతికి చేయవలసిన పని లేదు. అది అక్కడ ఉండాలనుకుంది కాబట్టి ఉంది. ఆ తర్వాత నేను తీసిన ప్రతి ఫొటోకు అదే కొలబద్ద. చేతికి పని ఉందా? ఉంటే షట్టర్ నొక్కను. నూనె గిన్నె పక్కకు పోయింది, పీట పోయింది. ఆయన చాప మీద బోర్లా పడుకున్నారు, కిటికీ చువ్వల నీడ నడుము మీద పడింది. ఆమె పక్కన కూర్చుని చూస్తూ ఉన్నారు, కొన్నిసార్లు చేయి వేసి, కొన్నిసార్లు వేయకుండా. చేయి వేయని ఫొటోల్లో కూడా చేయి ఎక్కడ పడబోతుందో తెలిసిపోతుంది.

రంగు

ఆయన ఒళ్లు ఒకే రంగు కాదు. ఇంజను కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ పెట్టిన ఎడమ మోచేయి బాగా నల్లబడింది, కుడి చేయి అంతకంటే తేలిక. చొక్కా చేతులు ఆగిన చోట గీత గీసినట్టు రంగు మారుతుంది, బనియను కింద ఇంకో రంగు. వదినగారికి ఆ గీతలంటేనే ప్రాణం. “ఆ గీత దాటి లోపలి రంగు చూసింది నేనొక్కదాన్నే” అన్నారు. ఆ మాట విన్నాక ఆ గీత ప్రతి ప్రింటులోనూ కనబడి తీరాలని నిశ్చయించుకున్నాను.

మన దగ్గర ఇది అంత సులువు కాదు. కలర్ ఫిల్మ్ కాలంలో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన షిర్లీ కార్డుల మీద ఉన్నది తెల్లజాతి యువతి, రంగులు ఆమె చర్మానికి సరిపోతే చాలనుకునేవారు. యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ తయారుచేసిన జోన్ పద్ధతి నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును మెట్లుగా విడగొడుతుంది, అంకె పెరిగేకొద్దీ వెలుగు ఎక్కువ. అందులోనూ తెల్లజాతివారి చర్మాన్ని ఆరో జోన్‌లో పెట్టమంటారు. ఆ లెక్కను ఆయన ముంజేతికి పెడితే ఆయన ఆయన కాకుండా పోతారు. ఛాతీని ఐదో జోన్‌లో ఉంచి, ఎడమ చేతిని నాలుగు దాకా దిగనిచ్చాను. నలుపుతెలుపులోకి మార్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఎరుపు చానల్ ఎక్కువ వాడితే చర్మం తేలిపోయి మచ్చలు మాయమవుతాయి. ఆకుపచ్చ చానల్ రంగును కిందికి దించి నరాలు, ముడతలు, మచ్చలు చూపిస్తుంది. పెళ్లి ఆల్బముల్లో అందరూ మొదటిదే కోరతారు. నేను రెండోదాని వైపు మొగ్గాను. ప్రింట్లకు పంపిన ఒక ల్యాబులో అడగకుండానే చర్మం రంగు తేల్చి నునుపు చేసి పంపారు, అలవాటు అంత బలమైనది. ఆ తర్వాత పత్తి కాగితం మీద పిగ్మెంట్ సిరాతో నా కళ్ల ముందే వేయించాను. దిండు దూరం నుంచి తీసినవాటిని ఎ3 కాగితం మీద వేస్తే భుజం అసలు భుజమంతే వస్తుంది. ప్రింటు మీద అరచేయి పెట్టి ఆమె సరిచూసుకున్నారు.

“ఇది ఎవరి వీపైనా కావచ్చు”

ఎంపిక రోజున ప్రింట్లన్నీ వాళ్ల హాల్లో నేల మీద పరిచాం. నేను ముందుగా పక్కన పెట్టుకున్న ఫొటో ఒకటి ఉంది. వెన్ను వంపు, భుజపు గుండ్రన, నల్లటి నేపథ్యం, ఎక్కడా తప్పు పట్టడానికి లేని ఆకారం. వెస్టన్ 1930లో తీసిన మిరపజాతి కాయ ఫొటోను చూసి పెరిగిన ఏ ఫొటోగ్రాఫరైనా అదే ఎంచుకుంటారు. మెలి తిరిగిన కాయలో మనిషి వీపును చూపించిన ఆ ఫొటో అంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం. వదినగారు నా ఎంపికను చూసి, “బాగుంది. కానీ ఇది ఎవరి వీపైనా కావచ్చు” అని పక్కకు జరిపారు. ఆకారం మీద ప్రేమ వేరు, ఒక మనిషి మీద ప్రేమ వేరు. మొదటిది మనిషిని మరిచిపోతేనే పండుతుంది.

ఆమె ఎంచుకున్నవి వేరే. మెడ వెనుక క్షవరం చేయించుకున్న వెంట్రుకల అంచు. ఎడమ మోచేతి నలుపు పక్కన జబ్బ లోపలి రంగు. కూర్చున్నప్పుడు నడుము దగ్గర పడే మడత. ఆ మడతను ఆయన తీసేయమన్నారు, ఆమె ససేమిరా అన్నారు. చివరికి ఆయనే నవ్వి ఒప్పుకున్నారు. ఇంకొకటి, స్టూలు ఎత్తు నుంచి తీసింది. ఆయన నిండా బట్టలతో కిటికీ వైపు తిరిగి చొక్కా చేతి గుండీ పెట్టుకుంటున్నారు, ఫ్రేములో ఒక మూల మసకగా మిషను చక్రం. అందులో కనిపించే చర్మం మెడ, ఒక మణికట్టు, అంతే.

వాళ్లు ఒప్పుకున్న కొన్ని ప్రింట్లను, ముఖాలు లేనివాటిని, విజయవాడలో ఒక చిన్న ప్రదర్శనలో పెట్టాను. ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టి లోపలికి రావాలన్నది షరతు. ఆన్‌లైన్‌లో ఒక్కటి కూడా పెట్టకూడదని వాళ్ల అమ్మాయి కోరింది, ఆ కోరిక మాకందరికీ న్యాయంగా తోచింది. చూడటానికి వచ్చినవారిలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టింది చాప మీద పడుకున్న వీపు కాదు, గుండీ పెట్టుకుంటున్న ఫొటో. ఒక పెద్దమనిషి దాని ముందు చాలాసేపు నిలబడి, ఇది ఇంట్లో ఉండాల్సింది, బయట పెట్టకూడదు అని నాతో గట్టిగానే చెప్పారు. ఎందుకని అడిగితే, “అక్కడెవరో కూర్చుని చూస్తున్నట్టుంది” అన్నారు. ఆయన అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, ఫొటోను సరిగ్గా చదివినందుకు మరీ. ఆ చూస్తున్న మనిషి ఫ్రేములో లేదు. 114 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. అదే ఎత్తు నుంచి ఒక పరాయి మగవాడు ఒక ఆడదాన్ని చూస్తున్న ఫొటో అయితే ఆయనకు అంత ఇబ్బంది కలిగేది కాదని నా అభిప్రాయం, అలాంటివి రోజూ వ్యాపార ప్రకటనల్లో చూస్తూనే ఉన్నాం.

ఇప్పుడు ఫైళ్లు రెండు డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి వాళ్ల బీరువాలో, ఒకటి నా దగ్గర తాళం వేసిన పెట్టెలో. ఎవరి ఫోనులోనూ ప్రతి లేదు. షష్టిపూర్తి తర్వాత ఎ3 ప్రింట్లలో మూడు వాళ్ల పడకగదిలో గోడకు ఎక్కాయి, తలుపు తెరిచినప్పుడు హాల్లోకి కనబడని గోడకు.

ఒక ఫొటో మీద మాత్రం వాళ్లిద్దరికీ ఇంకా మాట కుదరలేదు. ఆమె దాన్ని ప్రదర్శనలో పెట్టాలన్నారు, ఆయన వద్దన్నారు. ఈ వరుసలో అన్నిటికంటే మంచి ఫొటో అదేనని నేనూ అనుకుంటున్నాను, ఆయనతో ఆ మాట చెప్పాను, ఇంకోసారి అడగనని కూడా చెప్పాను. ఒప్పందం ప్రకారం ఆయన కారణం చెప్పనవసరం లేదు, చెప్పలేదు. అది కవరులో ఉంది. అందులో ఏముందో ఇక్కడ కూడా వర్ణించను.